మచ్చు

పోయినేడు కూడా శిక్షణ ఇచ్చారు మాకు.
బెజవాడ నుంచి టై కట్టుకున్న కుర్రాడొచ్చి
నలభై స్లైడ్లు తిప్పాడు. సమోసాలు పెట్టారు.
చివర్లో పది ప్రశ్నలు.
నాకు పదికి పది.
ఆ సర్టిఫికెట్టు నా బల్ల అద్దం కిందే ఉండేది,
దాని మీద మోచెయ్యి ఆనించుకునే
పదకొండు లక్షల నలభై వేలు పంపించాను.

ఏటుకూరు రోడ్డులో మా కోల్డ్ స్టోరేజీ.
మార్చి నెల, సీజను.
గేటు దాటి లారీలు, లారీల నిండా మిర్చి టిక్కీలు,
లెక్కల గదిలో గాలి కూడా ఘాటే,
తుమ్ముకుంటూ ఓచర్లు రాస్తాం.
అప్పుడొచ్చింది ఫోను.
"ఏమ్మా కోటిరత్నం, భోంచేశావా?"

భోంచేశావా అన్నాడండీ.
స్లైడ్లలో దొంగకి నల్ల ముసుగుంది,
చేతిలో కంప్యూటరుంది,
అన్నం తిన్నావా అని అడిగే నోరు లేదు.
అచ్చం శౌరయ్యగారి గొంతు. ఆయన దగ్గే.
నరసరావుపేట పార్టీ పేరు తెలుసు,
బ్రాడీపేటలో వాళ్ల అత్తగారికి
కంటి ఆపరేషనని కూడా తెలుసు.
"ఆస్పత్రిలో ఉన్నా, మళ్లీ ఫోను తియ్యలేను.
పార్టీ ఖాతా మారింది, నాలుగింటిలోపు పడాలి.
నీ మీదే నమ్మకం."

పద్నాలుగేళ్ల ఉద్యోగంలో
ఆ మాట మొదటిసారి విన్నాను,
అదీ దొంగ నోట.

చదువుకున్నదానివి కదా అన్నారు అందరూ.
స్టేషన్లో రైటరు కూడా అదే అన్నాడు, టీ తాగుతూ.

ఈ ఏడు శౌరయ్యగారు పిలిచి
"ఈసారి నువ్వే చెప్పు వాళ్లకి" అన్నారు.
శిక్షో గౌరవమో అర్థం కాలేదు.
స్లైడ్లు నాకు రావు.
పదమూడు మందినీ షెడ్డులోకి తీసుకెళ్లి
ఒక టిక్కీ ముందు నిలబెట్టాను.
మస్తాన్‌వలీ కుట్టు విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చాడు.
పైన తేజ, నిగనిగలాడుతోంది.
పిడికిట్లో బయటికొచ్చింది తాలు.
"మచ్చు తీస్తే రైతుకి కోపం రాదా?" అడిగాను.
"మంచి సరుకున్నోడు తనే సంచి విప్పుతాడమ్మా,
కోపమొచ్చిందంటే ఇంకో చెయ్యి లోతుకి పోవాల" అన్నాడు,
చెయ్యి మండుతుంటే గాల్లో విదిలించుకుంటూ.

తర్వాత ఒక్క వాక్యం అనిపించాను అందరిచేతా:
పెట్టేయండి, నేనే మళ్లీ చేస్తాను.
ఇమ్మానుయేలు క్షమాపణలా అన్నాడు.
గేటు దగ్గర సాంబ్రాజ్యం నవ్వేసింది.
ఎంత కష్టమండీ ఆ మాట,
మెతుకు అడ్డంపడ్డట్టు గొంతులోనే ఆగిపోతుంది.
పెద్దవాళ్లు మాట్లాడుతుంటే పెట్టెయ్యడమే!
పుట్టినప్పట్నుంచీ మాకు నేర్పిందంతా
అలాగేనండీ, సరేనండీ.
దొంగ తాళం తెరవలేదు,
ఆ 'అలాగేనండీ'ని తోసుకుని వచ్చాడు.

వెనక నిలబడ్డ శౌరయ్యగారి వైపు తిరిగాను.
నోరు ఎండిపోయింది, అయినా అన్నాను:
"మీక్కూడా పాఠం ఉందండీ.
మేం పెట్టేసినప్పుడు మీరు అరవకూడదు."
ఆయన వేలి ఉంగరం తిప్పుకున్నారు. గడియారం చూసుకున్నారు.
ఏమీ అనలేదు.

మొన్న గురువారం, మధ్యాహ్నం మూడు దాటాక
షాహీన్ బల్ల మీద ఫోను మోగింది.
చేరి మూడు నెలలైన పిల్ల.
ఇక్కడికి వినిపిస్తోంది ఆ గొంతు:
నల్లపాడు గేటు పడిందట, లారీ ఆగిందట,
వెంటనే డబ్బు వెయ్యాలట.
పిల్ల మొహం పాలిపోయింది.
"పెట్టేయండి సార్, నేనే చేస్తా."

గోడ మీద అంటించిన నంబరు చూసి నొక్కింది,
ఒకసారి తప్పు నొక్కి మళ్లీ.
గది మొత్తం ఆ రింగే విన్నాం. ఐదోసారికి ఎత్తారు.
నిజంగా ఆయనే.
అరుస్తారనుకున్నాం.
దగ్గారు.
"ఊఁ, చెప్పమ్మా" అన్నారు.

అంతే. మెచ్చుకోలేదు, సాయంత్రం స్వీట్లూ పంచలేదు.
సర్టిఫికెట్టు మాత్రం ఇంటికెళ్లే ముందు
అద్దం కిందనుంచి లాగేశాను,
అంటుకుపోయి సగం చిరిగింది.

ఒక్కటి చెప్పనా,
ఆ దగ్గుకీ ఈ దగ్గుకీ తేడా
నాకిప్పటికీ తెలీదు.